తిరిగి వచ్చినవారి మాట

మనస్తత్వ శాస్త్రం తెలుగు ఇళ్లలోకి పాఠ్యపుస్తకాల కంటే ముందుగా వారపత్రికల శీర్షికల ద్వారా, రైల్వే స్టేషన్లలోని పుస్తకాల దుకాణాల ద్వారా, యండమూరి వీరేంద్రనాథ్ ‘విజయానికి అయిదు మెట్లు’, బి.వి.పట్టాభిరామ్ వ్యక్తిత్వ వికాస గ్రంథాల వంటి వాటి ద్వారా ప్రవేశించింది. అందువల్లనే ఆ శాస్త్రం పేరు వినగానే పాఠకుడికి ఆత్మవిశ్వాసం పెంచుకోవడం, భయాన్ని జయించడం వంటి వ్యక్తిగత సాధనలే ముందుగా స్ఫురిస్తాయి. ఆ తర్వాతి తరానికి మరో రకం పుస్తకాలు అందుబాటులోకి వచ్చాయి. 2011లో వెలువడిన డేనియల్ కానెమన్ ‘థింకింగ్, ఫాస్ట్ అండ్ స్లో’ విజయం తర్వాత, మనిషి ఆలోచనలో దొర్లే పొరపాట్లకు వరుసగా పేర్లు పెట్టి, ఒక్కొక్క పేరును ఒక్కొక్క రోగ నిర్ధారణలా వాడే రచనలు వెల్లువెత్తాయి. ఈ రెండు రకాలకూ ఉమ్మడి లక్షణం ఒకటుంది: మనిషి ప్రవర్తనకు కారణం అతని తలలోనే ఉందని, ఆ తలను సరిచేస్తే ప్రవర్తన మారుతుందని అవి నమ్ముతాయి.

నెల్లూరు జిల్లాలో, ముఖ్యంగా దాని తీరంలో, గడచిన నాలుగైదు దశాబ్దాల్లో జరిగిన కొన్ని సంఘటనలను పక్కపక్కన పెట్టి చూస్తే ఆ నమ్మకం సగమే నిజమనిపిస్తుంది. కృష్ణపట్నంలో నాటు మందు కోసం కట్టిన బారులు, స్వర్ణాల చెరువులో చేతులు మారే రొట్టెలు, వరి మళ్లను మింగిన రొయ్యల గుంటలు, సారా దుకాణాలను మూయించిన మహిళలు, తుపాను హెచ్చరికను లెక్కచేయని పడవలు బయటికి ఒకదానితో ఒకటి పొంతన లేని విషయాలే అయినా, వీటన్నిటిలోనూ జనం నిర్ణయాన్ని మలచినది వారి తెలివి ఎక్కువ తక్కువలు కాదు. ఏ ఫలితాలు వారి కళ్లకు కనిపించాయి, ఏవి కనిపించకుండా పోయాయి అన్నదే.

కృష్ణపట్నం బారులు

ముత్తుకూరు మండలం కృష్ణపట్నం గ్రామంలో బొనిగె ఆనందయ్య అనే స్థానికుడు 2021 ఏప్రిల్ నెలాఖరు నుంచి కొవిడ్‌కు మందు పేరుతో కొన్ని మూలికా మిశ్రమాలను ఉచితంగా పంచడం మొదలుపెట్టగా, కొద్ది వారాల్లోనే ఆ సంగతి జిల్లా ఎల్లలు, ఆపై రాష్ట్ర ఎల్లలు కూడా దాటింది. తేనె, మిరియాలు, జాజికాయ, పసుపు, వేపాకు వంటి దినుసులతో చేసిన లేహ్యాలకు తోడు, ఊపిరి అందని రోగుల కోసమంటూ ముళ్లవంకాయతో తయారుచేసిన కంటి చుక్కల మందు కూడా అందులో ఉండేది. మే నెల మధ్యలో అధికారులు విచారణ కోసం పంపిణీని ఆపించారు. మే 21న అది తిరిగి మొదలుకాగానే కర్ఫ్యూ ఆంక్షలు అమలులో ఉన్న రాష్ట్రంలో వేలాది మంది ఆ చిన్న ఊరికి చేరుకున్నారు, వారిలో అంబులెన్సుల్లో వచ్చిన రోగులు సైతం ఉన్నారు. రద్దీ అదుపు తప్పడంతో పంపిణీ మళ్లీ ఆగింది. అదే సమయంలో, నెల్లూరు జిల్లాకే చెందిన అప్పటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు ఈ మందుపై అధ్యయనం జరపాలని కేంద్ర ఆయుష్ మంత్రికి, భారత వైద్య పరిశోధన మండలికి సూచించడంతో ఒక తీర గ్రామపు వ్యవహారం జాతీయ చర్చగా మారింది.

ఆ దృశ్యాన్ని చూసిన చదువరులు చాలామంది ఒక్క ముక్కలో తేల్చేశారు: గొర్రెదాటు. ఈ తీర్పు వెనుక ఒక పాత సిద్ధాంతం దాగి ఉంది. ఫ్రెంచి రచయిత గుస్తావ్ లె బాన్ 1895లో ప్రచురించిన గ్రంథంలో, గుంపులో చేరిన మనిషి తన వివేకాన్ని కోల్పోయి ఆదిమ స్థితికి జారిపోతాడని, భావోద్రేకం ఒకరి నుంచి మరొకరికి అంటువ్యాధిలా పాకుతుందని వాదించాడు. పోలీసు శాఖలకూ పత్రికలకూ ఆ మాట ఎంతగానో నచ్చి నేటికీ చలామణిలో ఉంది. అయితే 2005 లండన్ బాంబు పేలుళ్ల నుంచి బయటపడిన వారిని విచారించిన జాన్ డ్రూరీ బృందం వంటి పరిశోధకులు, ఆపదలో చిక్కిన గుంపు సాధారణంగా ఉన్మాదానికి లోనుకాదని, ఒకరికొకరు సాయపడుతుందని, తనకు అందిన సమాచారం మేరకు నిర్ణయాలు తీసుకుంటుందని గమనించారు. కృష్ణపట్నం బారులను అర్థం చేసుకోవాలన్నా, అక్కడ నిలబడినవారికి అందిన సమాచారం ఏమిటని ముందుగా అడగవలసి ఉంటుంది.

ఆ మే నెల పదో తేదీన తిరుపతి రుయా ఆస్పత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి పదకొండు మంది రోగులు మరణించారు. పడకలు దొరకడం లేదు. ప్రైవేటు ఆస్పత్రుల బిల్లులు భూములు అమ్మించే స్థాయికి చేరాయి. నిన్న ఘనంగా సిఫారసు చేసిన మందును ఇవాళ వైద్యులే పక్కన పెడుతున్నారు. ఒకవైపు అప్పులపాలు చేసి శవాన్ని అప్పగించగల వ్యవస్థ, మరోవైపు పైసా అడగకుండా మందు చేతిలో పెట్టే ఊరి మనిషి ఉన్నప్పుడు, జనం రెండో వైపు మొగ్గడంలో అవివేకం ఎంతో, లెక్క ఎంతో వేరుచేయడం కష్టం. పైగా ఉచితం అన్న ఆ ఒక్క లక్షణం మందు పనితనానికి రుజువు కాకపోయినా, మందు ఇచ్చేవాడి ఉద్దేశానికి రుజువుగా పనిచేస్తుంది. మోసగాడు లాభం లేకుండా మోసం చేయడని మామూలు మనిషికి తెలుసు. మోసం ఉద్దేశం లేనివాడు కూడా పొరబడవచ్చునన్న సంగతి అంత తొందరగా స్ఫురించదు.

పొరబాటుకు అవకాశం ఎక్కడుందో చూద్దాం. కొవిడ్ సోకినవారిలో అత్యధికులు ఏ ప్రత్యేక మందూ లేకుండానే కోలుకుంటారు, కనుక ఆ రోజుల్లో ఏ పదార్థాన్ని వెయ్యి మందికి పంచినా, ఆ వెయ్యి మందిలో చాలా పెద్ద భాగం కొద్ది రోజులకు ఆరోగ్యంగా లేచి తిరిగేది. దీనికి తోడు, రోగి మందు కోసం బయలుదేరేది ఒంట్లో బాగున్నప్పుడు కాదు, బాధ బాగా ముదిరినప్పుడు. ముదిరిన బాధ సహజంగానే కొంత తగ్గుముఖం పట్టే అవకాశం ఎక్కువ గనుక, ఆ తగ్గుదలకు కాస్త ముందు మింగినది ఏదైనా దాని ఖాతాలోనే చేరిపోతుంది. అతి తీవ్రమైన స్థితి తర్వాత వచ్చేది మామూలు స్థితికి దగ్గరగా ఉండటాన్ని గణాంక శాస్త్రంలో సగటుకు తిరోగమనం అంటారు; తల్లిదండ్రుల ఎత్తునూ పిల్లల ఎత్తునూ పోల్చి ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లో దీన్ని వివరించాడు. మృగశిర కార్తె నాడు హైదరాబాదులో బత్తిని కుటుంబం పంచే చేప ప్రసాదం గురించి ఏటా సాగే వాదనలో కూడా ఈ కోణం తరచూ విస్మరణకు గురవుతుంది. ఉబ్బసం తానుగా పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు కాబట్టి, ప్రసాదం మింగిన తర్వాతి నెలల్లో కొందరికి నెమ్మదించక మానదు.

నమ్మకం స్వయంగా చేసే పని ఇంకొకటి ఉంది. మందు లేని మాత్ర వేసుకున్నా, అది మందేనన్న భరోసా వల్ల రోగికి కలిగే ఉపశమనాన్ని ప్లాసిబో ప్రభావం అంటారు; అమెరికన్ వైద్యుడు హెన్రీ బీచర్ 1955లో రాసిన వ్యాసంతో దానిపై వైద్యలోకం దృష్టి నిలిచింది. ఆయన అంచనాలు అతిశయించాయని తర్వాత విమర్శలు వచ్చినా, నొప్పి, వికారం, ఆందోళన వంటి అనుభూతుల మీద ఈ ప్రభావం నిజమేనని ఒప్పుకోక తప్పదు. వైరస్ సంఖ్యను తగ్గించే శక్తి దానికి ఉన్నట్టు రుజువు లేదు. కానీ మృత్యుభయంతో వణికిపోతూ వచ్చిన మనిషికి, వందల మంది మధ్య నిలబడి, ధైర్యం చెప్పే మాటతో పాటు ఘాటైన లేహ్యం గొంతులో దిగినప్పుడు, ఊపిరి కొంత తేలికపడినట్టు అనిపించడం అబద్ధం కాదు. అనిపించడానికీ నయం కావడానికీ మధ్య ఉన్న దూరాన్ని ఆ క్షణంలో కొలిచే సాధనం అతని దగ్గర లేదు. వేలికి తగిలించే ఆక్సిమీటరు కూడా వేలు చల్లబడినా, కదిలినా అంకె మార్చే పరికరమే.

ఇక అసలు విషయం. కోలుకున్నవాడు ఊరికి తిరిగి వెళ్లి చెబుతాడు, ఫోనులో వీడియో తీసి పంపుతాడు, పక్కింటివారిని వెంటబెట్టుకుని మళ్లీ వస్తాడు. కోలుకోనివాడు ఆస్పత్రిలో ఉంటాడు, లేదా ఉండనే ఉండడు, అతని కుటుంబం దుఃఖంలో మునిగి ఉంటుంది తప్ప కృష్ణపట్నం వచ్చి పని చేయలేదని చెప్పే ఓపికలో ఉండదు. కంటి చుక్కలు పడగానే తేరుకున్నట్టు వీడియోలో కనిపించి లక్షలాది మందికి ఆశ కలిగించిన ఒక రోగి, తర్వాత పరిస్థితి విషమించి నెల్లూరు ప్రభుత్వాస్పత్రిలో మరణించాడు. మొదటి వీడియో వ్యాపించినంతగా రెండో వార్త వ్యాపించలేదు. ఆయుర్వేద పరిశోధకులు మందు తీసుకున్నవారికి ఫోన్లు చేసి అనుభవాలు సేకరించే ప్రయత్నం చేశారు గాని, ఆ పద్ధతిలోనే ఒక చిక్కు ఉంది: ఫోను ఎత్తగలిగినవారు బతికి ఉన్నవారే.

ఈ చిక్కును విడదీసే మార్గం సముద్రం మీదనే మొదలైంది. 1747లో బ్రిటిష్ నౌకా వైద్యుడు జేమ్స్ లిండ్, చిగుళ్లు చీకి ప్రాణాలు తీసే స్కర్వీ వ్యాధికి గురైన పన్నెండు మంది నావికులను ఎంచుకుని, ఇద్దరిద్దరికి ఒక్కొక్క చికిత్స చొప్పున ఆరు రకాల చికిత్సలు ఇచ్చి, నారింజలు, నిమ్మపండ్లు తిన్న జంట మాత్రమే చురుగ్గా కోలుకోవడం గమనించాడు. అతని తెలివి అంతా పోలికలో ఉంది. మందు తీసుకోనివారికి ఏమైందో తెలిసేదాకా మందు తీసుకున్నవారి అనుభవానికి అర్థం లేదన్న ఈ సూత్రం చెప్పడానికి సులువు, ప్రాణభయంలో పాటించడానికి అసాధ్యం; అందుకే ఆ పని వ్యక్తులు చేయవలసినది కాదు, సంస్థలు చేయవలసినది. రాష్ట్ర ప్రభుత్వం 2021 మే 31న, ఈ మందు కొవిడ్‌ను నయం చేస్తుందనడానికి ఆధారం లేదని, హాని చేస్తుందనడానికీ ఆధారం లేదని చెప్పిన నివేదికల మీద ఆధారపడి, కంటి చుక్కలను మినహాయించి, వైద్యులు రాసిన మందులు మానకూడదన్న షరతుతో పంపిణీకి అనుమతించింది. జూన్ 7న పంపిణీ తిరిగి మొదలైంది. పాలనాపరంగా అది నేర్పయిన నిర్ణయమే కావచ్చు. జనం మాత్రం ఆ ఉత్తర్వులోని షరతులను కాక అనుమతి అన్న మాటనే విన్నారు.

పోలండులో పుట్టిన మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పసిఫిక్ సముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉంటూ గమనించిన సంగతి ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. దీవుల లోపలి ప్రశాంతమైన కయ్యలో, ప్రమాదం లేకుండా నమ్మకంగా చేపలు పట్టేచోట, జాలర్లు ఏ మంత్రతంత్రాలూ వాడేవారు కాదు; అదే మనుషులు ప్రమాదమూ అనిశ్చితీ నిండిన వెలుపలి సముద్రంలోకి వెళ్లేటప్పుడు మాత్రం పెద్ద ఎత్తున క్రతువులు జరిపేవారు. అంటే మాంత్రిక విశ్వాసం ఒక జాతి లక్షణం కాదు, ఒక మనిషి లక్షణం కూడా కాదు, పరిస్థితి లక్షణం. 2021 వేసవిలో ఇంజినీర్లు, ఉపాధ్యాయులు, అధికారులు కూడా కృష్ణపట్నం వైపు చూడటానికి కారణం వేరే వెతకనక్కర్లేదు.

స్వర్ణాల చెరువులో

నెల్లూరు నగరంలో బారాషహీద్ దర్గా పక్కనున్న స్వర్ణాల చెరువులో మొహర్రం మాసంలో జరిగే రొట్టెల పండుగ, ఫలితాల ప్రదర్శన ఎలా ఏర్పడుతుందో చూపే అపురూపమైన ఉదాహరణ. కోరిక ఉన్నవారు నీటిలో నిలబడి, ఆ కోరిక తీరినవారి చేతి నుంచి రొట్టె అందుకుని తింటారు. తమ కోరిక తీరాక మరుసటి ఏడు రొట్టెతో తిరిగి వచ్చి మరొకరికి ఇస్తారు. ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, గృహ రొట్టె అని వాటికి పేర్లున్నాయి, కొంతకాలంగా వీసా రొట్టె కూడా చేరింది. ఒక ప్రాంతపు జనం దేనికోసం తపిస్తున్నారో తెలుసుకోవడానికి ఏ సర్వే కన్నా ఈ పేర్ల జాబితా మెరుగని ఒప్పుకోవాలి. హిందువులు, ముస్లింలు భేదం లేకుండా వచ్చే ఈ పండుగలో ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ సాధారణంగా అపరిచితులు.

పండుగ నియమాన్ని బట్టే, చెరువులో రొట్టె పట్టుకుని నిలబడిన ప్రతి ఒక్కరూ కోరిక తీరినవారు. ఉద్యోగం రానివాడు మళ్లీ అడగడానికి వస్తాడు, లేదా రాడు. రొట్టె తిన్నా ఉద్యోగం రాలేదని చెప్పడానికి ప్రత్యేకంగా ఒక చోటు, ఒక రొట్టె ఆ చెరువులో లేవు. ప్రాచీన గ్రీకు నాస్తికుడు దియాగరస్ గురించి రోమన్ రచయిత సిసెరో చెప్పిన కథ ఇదే విషయాన్ని సముద్రం సాక్షిగా చెబుతుంది: తుపానులో మొక్కుకుని బతికి బయటపడినవారు ఆలయానికి సమర్పించిన చిత్రాలను చూపి, దేవతల మహిమను ఇప్పటికైనా ఒప్పుకోమని స్నేహితుడు అడిగితే, మునిగిపోయినవారి చిత్రాలు ఎక్కడా లేవు కదా అని అతను బదులిచ్చాడట. బతికి వచ్చినవారిని మాత్రమే లెక్కించి తీర్పు చెప్పే ఈ పొరపాటును నేటి పాఠ్యపుస్తకాలు అవశేష పక్షపాతం అంటున్నాయి.

అంతమాత్రాన రొట్టెల పండుగను పొరపాటుగా కొట్టిపారేయడం, తెలివి చూపించబోయి చూపు కోల్పోవడమే అవుతుంది. సంతానం లేదన్న బాధను బంధువుల దగ్గర పెదవి విప్పి చెప్పలేని స్త్రీ, ఆ చెరువులో తన కోరికను అందరూ వినేలా అడగగలుగుతుంది, అదే బాధ పడినవారు పదుగురు పక్కనే ఉన్నారని చూస్తుంది. ఇచ్చినదానికి బదులు ఇవ్వాలన్న ఒత్తిడిని రాబర్ట్ సియాల్దీని 1984 నాటి ‘ఇన్‌ఫ్లుయెన్స్’ అనే పుస్తకంలో వ్యాపారుల ఎత్తుగడగా వర్ణించాడు గాని, ఇక్కడ ఆ రుణం ఇచ్చినవాడికి తిరిగి చెల్లదు, తర్వాత వచ్చే అపరిచితుడికి చెల్లుతుంది. చేప ప్రసాదంతో గాని, నాటు మందుతో గాని దీన్ని ఒకే గాటన కట్టకూడదు; రొట్టె కోసం ఎవరూ ఆస్పత్రి మానుకోరు.

గుంటల్లో పండిన డబ్బు

నమ్మకాల సంగతి అలా ఉండగా, లెక్కలు వేసుకుని చేసే వ్యాపారంలో కూడా ఇదే తీరు కనిపించడం మరింత ఆసక్తికరం. 1990ల మొదట్లో కండలేరు ఉప్పుటేరు పొడవునా, తీరం వెంబడి ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మండలాల్లో టైగర్ రొయ్యల గుంటలు ఎంత వేగంగా విస్తరించాయంటే, తరాలుగా వరి పండించిన రైతులు మళ్లను తవ్వించి ఉప్పునీరు పెట్టించారు. కొత్తగా తవ్విన గుంటలో మొదటి పంటలు సాధారణంగా బాగా వస్తాయి. వ్యర్థాలు అడుగున ఇంకా పేరుకుని ఉండవు, రోగకారకాలు ఇంకా చేరి ఉండవు. అలా మొదట దిగిన కొద్దిమంది ఇళ్ల ముందు కార్లు నిలిచాయి, మేడలు లేచాయి. 1994లో తెల్లమచ్చ వైరస్ ఆంధ్ర తీరాన్ని తాకింది, గుంటల్లో రొయ్యలు రోజుల వ్యవధిలో చచ్చి ఒడ్డుకు చేరాయి, ఒక్క పంటతో కుబేరులమవుదామని వడ్డీకి తెచ్చినవారు ఆ వడ్డీలోనే మునిగారు.

సుశీల్ బిక్‌చందానీ, డేవిడ్ హర్ష్‌లైఫర్, ఐవో వెల్చ్ అనే ఆర్థికవేత్తలు 1992లో ప్రచురించిన పరిశోధనలో, తమకు తెలిసినదాన్ని పక్కనపెట్టి ముందువారు చేసినదాన్ని అనుసరించడం ఒక్కొక్క వ్యక్తికీ హేతుబద్ధమే అయ్యే పరిస్థితులు ఉంటాయని, అయితే అలా అనుసరించినవారి సంఖ్య కొత్త సమాచారమేమీ చేర్చదని చూపారు. దీన్ని సమాచార పరంపర అనవచ్చు. మొదటి ఇద్దరు రైతులు ఏదో తెలిసే దిగి ఉంటారని మూడోవాడు దిగుతాడు. ముగ్గురు దిగారు కనుక నాలుగోవాడు దిగుతాడు. చివరికి నూరు మంది చేసిన పని వెనుక ఉన్న సాక్ష్యం ఇద్దరిదే. నూరు గుంటలను చూసిన నూటొకటో రైతుకు మాత్రం అది నూరు మంది సాక్ష్యంలా కనిపిస్తుంది.

పైగా లాభం కనిపించినట్టు నష్టం కనిపించదు. లాభం మేడగా లేస్తుంది, పెళ్లి పందిరిగా వెలుగుతుంది. నష్టం తాకట్టు కాగితంగా బీరువాలో ఉంటుంది. గుంటలో రోగం సోకిందన్న మాట పొక్కితే కొనుగోలుదారు ధర తగ్గిస్తాడు, అప్పిచ్చినవాడు గుమ్మం ఎక్కుతాడు, కాబట్టి రైతు నోరు మెదపకుండా తొందరపడి రొయ్యలు పట్టించి, ఆ నీటిని అదే కాలువలోకి వదులుతాడు, దిగువ గుంటలవారు ఆ నీటినే తోడుకుంటారు. మౌనం ఇక్కడ వైరస్‌కు వాహకమైంది. 1996 డిసెంబరు 11న ఎస్.జగన్నాథ్ వేసిన కేసులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలోని గుంటలను తొలగించాలని ఆదేశించింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. 2009లో వనామీ రొయ్యకు అనుమతి లభించడంతో తీరం మళ్లీ గుంటలతో నిండింది. సీడును ప్రయోగశాలలో పీసీఆర్ పరీక్ష చేయించడం, గుంటలో రోగం వస్తే పొరుగువారికి తెలియజేయడం వంటి జాగ్రత్తలు ఇప్పుడు అందరికీ తెలిసినవే. తెలిసినదాన్ని పొరుగువాడికి చెప్పడంలో తనకు నష్టమున్నంత కాలం ఎవరూ చెప్పరన్న సంగతికి మాత్రం ఆ జాగ్రత్తల్లో విరుగుడు లేదు.

దాగిన బాధ బయటపడినప్పుడు

తీరానికి కాస్త దూరంగా, జిల్లా పడమటి మెట్ట ప్రాంతంలోని దూబగుంటలో 1990ల ఆరంభంలో జరిగినది ఈ క్రమానికి తలకిందులు. అంతకుముందు ‘వారుణి వాహిని’ పేరిట ప్రభుత్వమే సారాను ప్యాకెట్లలో ఊరూరా అందుబాటులో ఉంచింది. కూలి డబ్బులు సాయంత్రానికి దుకాణంలో పడేవి, రాత్రికి ఇంట్లో దెబ్బలుగా మారేవి. ప్రతి ఇల్లాలూ ఆ బాధను తన తలరాతగా, తన మొగుడి దుర్గుణంగా భరించింది. లోపల అందరూ వ్యతిరేకించే ఒక వ్యవహారాన్ని, తక్కినవారంతా ఒప్పుకుంటున్నారని ప్రతి ఒక్కరూ అనుకోవడం వల్ల అది కొనసాగే స్థితిని డేనియల్ కాట్జ్, ఫ్లాయిడ్ ఆల్‌పోర్ట్ 1931లో గుర్తించి చర్చించారు. పరస్పర అపోహ అని దానికి పేరు పెట్టుకోవచ్చు. సొలొమన్ ఆష్ 1951 నాటి ప్రయోగాల్లో, గీతల పొడవు గురించి చుట్టూ ఉన్నవారంతా కావాలని తప్పు చెబుతుంటే, కళ్లెదుటి సత్యాన్ని వదిలి వారితో గొంతు కలిపినవారు చాలామంది కనిపించారు. అయితే ఒక్కరు నిజం చెప్పినా ఆ లొంగుబాటు అమాంతం పడిపోయింది. మొదటి సంగతి చెప్పి రెండోది వదిలేయడం ఈ ప్రయోగానికి వ్యాఖ్యాతలు తరచూ చేసే అన్యాయం.

దూబగుంటకు ఆ ఒక్క గొంతు రాత్రి బడి రూపంలో వచ్చింది. సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా మహిళలకు చదివించిన వాచకంలో తాగుబోతు భర్త వల్ల నలిగిన సీతమ్మ కథ ఒకటుంది; ఆ కథను చదివినవారు అక్షరాల కంటే ముందు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారని చెప్పడం అతిశయోక్తి కాదు. ఇంటింటా గోడల మధ్య ఉన్న అనుభవం ఒకే లాంతరు వెలుగులోకి వచ్చింది, దూబగుంట రోశమ్మ వంటివారు ముందు నిలిచారు, ఊరి సారా దుకాణం మూతపడింది. తర్వాత జరిగినదే అసలు విశేషం. ఆ ఊరి విజయాన్ని ‘ఆడవాళ్లు ఏకమైతే’ అన్న పాఠంగా రాసి తక్కిన ఊళ్ల రాత్రి బడులకు అందించారు, దాంతో ఒక ఊళ్లో సాధ్యమైనది మిగతా ఊళ్లకు కనిపించింది, 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరపడమే అధికారులకు కష్టమైంది. 1993 ఏప్రిల్ 15 నుంచి నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించారు. 1995 జనవరిలో అమలైన సంపూర్ణ మద్యనిషేధం రెండేళ్లకే సడలింది. నిషేధం నిలవలేదు కాబట్టి ఉద్యమం విఫలమైందనేవారున్నారు. మార్కెట్టూ ఖజానా ఒక్కటైన చోట ఓడిపోవడానికీ, మాట కలవక ముందే లొంగిపోవడానికీ ఎంతో తేడా ఉంది. పక్కవారిని చూసి నడిచే గుణమే కృష్ణపట్నానికి జనాన్ని తెచ్చింది, సారా దుకాణం ముందు మహిళలను నిలబెట్టింది కూడా అదే గుణం.

ఒకటో నంబరు హెచ్చరిక

బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడినప్పుడల్లా కృష్ణపట్నం ఓడరేవులో ప్రమాద సూచిక ఎగురుతుంది, ఒకటి నుంచి పదకొండు వరకు ఉండే ఆ అంకెల అర్థం తీర గ్రామాల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. 1984 నవంబరులో శ్రీహరికోట వద్ద, 1989 నవంబరులో కావలి వద్ద తీరం దాటిన పెనుతుపాన్ల జ్ఞాపకం పెద్దలకు ఇంకా ఉంది. అయినా వాయుగుండాల్లో చాలా భాగం బలహీనపడో, ఉత్తరానికి మళ్లో పోతాయి గనుక, ఒక మత్స్యకారుడి జీవితకాలంలో ఎగిరిన సూచికలతో పోలిస్తే నిజంగా మీద పడిన తుపాన్లు బహు తక్కువ. త్రుటిలో తప్పిన ప్రమాదాన్ని మనుషులు రెండు రకాలుగా గుర్తుంచుకోగలరని, ప్రమాదం ఎంత దగ్గరగా వచ్చిందో అన్నట్టు తీసుకుంటే జాగ్రత్త పెరుగుతుందని, ఏమీ కాలేదు కదా అన్నట్టు తీసుకుంటే తగ్గుతుందని అమెరికాలో హరికేన్లపై పనిచేసిన రాబిన్ డిలన్, కాథరిన్ టిన్స్‌లీ పరిశోధనలు సూచించాయి.

హెచ్చరిక పాటించి ఒడ్డునే ఉండిపోయినవాడికి కలిగిన లాభం, తుపాను రాకపోతే, ఎవరికీ కనిపించని లాభం. అతను పోగొట్టుకున్న ఒక రోజు వేట మాత్రం ఇంట్లో అందరికీ కనిపిస్తుంది. పాటించకుండా వెళ్లి క్షేమంగా వచ్చినవాడికి, తక్కిన పడవలు కదలని రోజున చేపకు పలికే ధర వల్ల, రెండింతల గిట్టుబాటు. వాతావరణ శాఖ ఎంత కచ్చితంగా అంచనా వేసినా, ఎన్ని ఫోన్లకు సందేశాలు పంపినా, ఈ బేరీజు మారదు. వ్యక్తిగత అవగాహన పెంచడమే పరిష్కారమనే ప్రచారాలు ఇక్కడే తడబడతాయి.

నెల్లూరు తీరంలోని పట్టపు మత్స్యకారుల గ్రామాల్లో పెద్దలు వేసే దురాయికి, అంటే ఊరంతా కట్టుబడవలసిన, మీరినవారికి తప్పు పడే నియమానికి, ఈ విషయంలో ఆధునిక హెచ్చరికా వ్యవస్థకు లేని బలం ఒకటుంది. వేటకు పోరాదని కట్టుబాటు చేసిన రోజున ఎవరి పడవా కదలదు కాబట్టి, ధైర్యం చేసి వెళ్లి వల నిండా చేపలతో వచ్చినవాడి కథ ఆ ఊళ్లో పుట్టదు, మరుసటి హెచ్చరికను పలచన చేయడానికి ఉదాహరణ మిగలదు. అయితే దురాయి ఊరి పడవలనే ఆపగలదు. దక్షిణం నుంచి వచ్చే పొరుగు రాష్ట్రపు మరపడవలు దానికి లోబడవు. వాటితో ఈ తీరపు మత్స్యకారులకు ఏళ్లుగా నడుస్తున్న తగువులో వలలు తెగడం, చేప తగ్గడం గురించిన ఫిర్యాదులే పైకి వినిపిస్తాయి గాని, తాము మానుకున్న నీళ్లలో ఇతరులు వేట సాగించడాన్ని ఒడ్డు మీది నుంచి చూడవలసి రావడం కూడా ఆ కోపంలో కలిసే ఉంది.